మార్కులు చెప్పగలిగాను, వాడికేం రాదో చెప్పలేకపోయాను

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని బడికి మామిడాకులు కట్టిన రోజు, ఏడో తరగతి పిల్లవాడి నాన్న ఒకాయన వచ్చి నా ముందు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్లకు ఇంకా ఎర్రమన్ను ఉంది. నేను రిజిస్టర్ తిప్పి "లెక్కల్లో యాభైకి ముప్పై ఒకటి అన్నా, పర్వాలేదు" అన్నాను. ఆయన తల ఊపాడు, కాసేపు ఆగాడు, తర్వాత "అది సరే సార్, వానికి ఏమొస్తాది, ఏం రాదు, అది చెప్పండి. ముప్పై ఒకటంటే నేనేం జేసేది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఏదో "గుణకారాలు చదివించండి" అని పంపేశాను. కానీ ఆ 31 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు కదా. స్లిప్ టెస్టులో ఇరవైకి తొమ్మిది. మిగతా ఇరవై రెండూ ప్రాజెక్టుకు, నోటు పుస్తకానికి, తరగతిలో పాల్గొన్నందుకు అని నేను వేసినవి, అది కూడా ఆన్‌లైన్ ఎంట్రీకి ఆఖరి రోజు సాయంత్రం, పిల్లల మొహాలు గుర్తు తెచ్చుకుంటూ. కాబట్టి ఇక్కడ రాసేది ముందు నా మీద నేను చెప్పుకునే చాడీ. ఆ తర్వాత ఈ ఎఫ్ఏ, ఎస్ఏ, సీబీఏ, న్యాస్ అనే అక్షరాల గుంపులో ఏది దేనికో తల్లిదండ్రులకూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకూ విడదీసి చెప్పే ప్రయత్నం.

మా అనంతపురం వైపు శెనక్కాయ వేసినోళ్లకు అసలు విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. పైరు నలభై, నలభై ఐదు రోజులకొచ్చినప్పుడు రైతు చేన్లోకి దిగి ఒక చెట్టు పీకి చూస్తాడు. ఊడలు దిగాయా, పిందె పడుతోందా, వేరుకు పురుగు తగిలిందా అని. చూసి ఊరుకోడు. జిప్సం వేయాలా, తడి ఇవ్వాలా, ఇంకోసారి కలుపు తీయించాలా, అక్కడే తేల్చుకుంటాడు. పంటంతా అయ్యి, కాయ వేరుచేసి, మూటలు కాటా మీద పెట్టడం వేరే పని. ఆ తూకం కూడా కావాల్సిందే, అప్పు తీరుతుందో లేదో చెప్పేది అదే. కానీ కాటా చూశాక ఆ పంటకు ఎవరూ ఏమీ చేయలేరు. ఈ రెండూ కాక విత్తనం వేయకముందు భూసార పరీక్ష ఒకటుంది, మట్టి తీసి పంపి అందులో ఏముందో ఏం లేదో తెలుసుకోవడం.

బడిలోనూ ఈ మూడే. పాఠం మొదలుపెట్టకముందు పిల్లలకు ఏమొచ్చో చూసుకునేది భూసార పరీక్ష లాంటిది, బేస్‌లైన్ టెస్ట్ అంటున్నాం. పాఠం నడుస్తుండగా చూసేది నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్). చివర్లో తూకం వేసేది సంగ్రహణాత్మక మూల్యాంకనం, ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్). ఈ విభజన మొదట మైకేల్ స్క్రివెన్ అనే ఆయన 1967లో చేశాడు. ఆయన మాట్లాడింది పాఠ్యప్రణాళికలు పనిచేస్తున్నాయా లేదా అని చూడటం గురించి, దాన్ని పిల్లల చదువు వైపు తిప్పింది బెంజమిన్ బ్లూమ్ లాంటివాళ్లు. చాలామంది పొరబడేది ఇక్కడే: చిన్న పరీక్షైతే ఎఫ్ఏ, పెద్ద పరీక్షైతే ఎస్ఏ అనుకుంటారు. కాదు. అదే ఇరవై మార్కుల కాగితం దిద్ది, మార్కు రిజిస్టర్లో ఎక్కించి, మర్నాడు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతే అది తూకమే, పేరు ఏదైనా పెట్టుకోండి. ఆ కాగితం చూసి మర్నాటి పాఠం మార్చుకుంటే, అప్పుడు చెట్టు పీకి చూసినట్టు.

మన దగ్గర ఇదంతా చట్టంలోకి కూడా వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది, 29వ సెక్షన్లో నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది. అదే చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ అదే క్లాసులో ఆపొద్దు అని కూడా అంది. రెండూ ఒకే మూటలో రావడంతో ఊళ్లలో "పరీక్షలు తీసేశారంట" అనే మాట నిలబడిపోయింది. తీసేయమని ఎక్కడా లేదు, నిజానికి ఇంకా ఎక్కువసార్లు చూడమంది, చూసి శిక్షించొద్దు అంది, అంతే. తర్వాత 2019లో సవరణ చేసి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాలకు వదిలారు.

కాగితం మీద మన ఎఫ్ఏ చెడ్డదేమీ కాదు. మా హైస్కూళ్లలో చాలా ఏళ్లు నడిచిన పద్ధతిలో ఒక్కో ఎఫ్ఏకి నాలుగు సాధనాలు: తరగతిలో భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు, అంటే స్లిప్ టెస్టుకు, 20. ఏడాదికి ఇలాంటివి నాలుగు, వాటికి తోడు రెండు ఎస్ఏలు. పిల్లవాణ్ణి మూడు గంటల పరీక్ష ఒక్కదానితో కొలవకుండా, మాట్లాడేది, రాసేది, చేసేది అన్నీ చూడాలనే ఉద్దేశం. ఇప్పుడు చేతికొచ్చేది చూడండి. మూడు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకుంటే 120 మంది, నాలుగు సాధనాలు, ఒక్క ఎఫ్ఏకే 480 అంకెలు. ఏడాదికి 1,920. ఇన్ని అంకెలు నింపాల్సిన మనిషి ఏం చేస్తాడు? నింపుతాడు. ప్రాజెక్టు అంటే మా దగ్గర జిరాక్స్ అంగడికి పోయి "ఏడో తరగతి లెక్కల ప్రాజెక్టు" అని అడగడం, ఆయన ఫైలు తెరిచి ప్రింటు కొట్టివ్వడం, పిల్లవాడు దానికి అట్ట వేసి పేరు రాసి తేవడం. అందులో అందరికంటే బాగా నేర్చుకున్నది జిరాక్స్ అంగడాయనే అయ్యుంటాడు. బాగా డబ్బు పెట్టిన చార్టుకు తొమ్మిది, చిరిగిన కాగితం మీద సొంతంగా గీసుకొచ్చినదానికి ఆరు వేసిన రోజులు నాకూ ఉన్నాయి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సరే, ఆ పిల్లవాడి సంగతికి వస్తాను. మీటింగ్ అయిపోయాక వాడి స్లిప్ టెస్ట్ కాగితం కట్టలోంచి తీసి మళ్లీ చూశాను, ఈసారి మార్కు కోసం కాకుండా. పోయిన పదకొండు మార్కుల్లో ఏడు ఒకే తప్పు వల్ల పోయాయి. 0.35, 0.5లో పెద్దది ఏదంటే 0.35 అన్నాడు. 2.13, 2.4లో 2.13 అన్నాడు. ఆరోహణ క్రమంలో పెట్టమన్న లెక్క కూడా అదే వరసలో తప్పాడు. అంటే వాడు గుడ్డిగా రాయలేదు, వాడికో సూత్రం ఉంది: చుక్క తర్వాత ఉన్నది కూడా మామూలు అంకే, ముప్పై ఐదు ఐదుకంటే పెద్దది. ఎంత శ్రద్ధగా పాటించాడంటే ఎక్కడా తప్పలేదు. నేను ఆ కాగితం దిద్దినప్పుడు ఎర్ర ఇంకుతో ఏడు ఇంటూలు పెట్టాను, ఏడు వేర్వేరు తప్పులైనట్టు. మిగతా నాలుగు మార్కులు ఎందుకు పోయాయో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, అది వేరే సంగతి.

మర్నాడు వాణ్ణి పిలిచి, అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద అర కిలో పెడితే ఏమని పడుతుందిరా అని అడిగాను. "0.500 సార్" అన్నాడు. 0.350 పడితే? "అది తక్కువ సార్, మూడొందల యాభై గ్రాములు." మరి 0.5, 0.35? కాసేపు నోట్లో వేలు పెట్టుకుని నిలబడ్డాడు. ఐదు నిమిషాల పని ఇది, వాళ్ల నాన్న అడిగింది కూడా ఇంతే.

చిన్న తరగతుల్లో దీనికి అన్నయ్య లాంటి తప్పు ఇంకోటి ఉంటుంది, 32లోంచి 17 తీసేయమంటే 25 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీస్తారు. తీసివేత రానివాడు కాదు వాడు, ఒక మెట్టు దగ్గర తనకు తోచిన దారి వేసుకున్నవాడు. ఇలాంటి తప్పులు తెలిసినవాళ్లు బిట్లు తయారుచేస్తే ఆ నాలుగు ఆప్షన్లలో ప్రతి తప్పు జవాబూ ఒక కబురు చెబుతుంది. 25 పెట్టినవాడికీ, కూడేసి 49 పెట్టినవాడికీ చెప్పాల్సిన పాఠం ఒకటి కాదు. మామూలు బిట్ పేపర్లో మిగతా మూడు ఆప్షన్లు ఖాళీ నింపడానికి పెట్టినవే ఉంటాయి, అందుకే అవి దిద్దితే మార్కు వస్తుంది, సమాచారం రాదు.

తరగతిలో నోటితో అడిగే ప్రశ్న అన్నింటికంటే పాత సాధనం, అన్నింటికంటే పాడుచేసుకున్నది కూడా అదే. మేం అడుగుతాం, ముందు బెంచీలో నలుగురు చేతులెత్తుతారు, ఒకరు చెబుతారు, "అర్థమైందా?" అంటే అందరూ "అర్థమైంది సార్" అని రాగం తీస్తారు, అయిపోయింది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు తెరవనివాళ్లు తెరిచారు. మూడు సెకన్లు నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి, నాకైతే ఇప్పటికీ రెండో సెకనులోనే నాలిక దురద పెడుతుంది. ఇంకో మార్గం పలకలు. హైస్కూల్లో పలకలేంటి సార్ అని నవ్వారు కానీ, ఒక ప్రశ్న వేసి అందరినీ ఒకేసారి పలక పైకెత్తమంటే నలభై జవాబులు ఒక చూపులో కనిపిస్తాయి. పక్కవాణ్ణి చూసి రాసే టైం ఉండదు. మార్కు లేదు, ఎంట్రీ లేదు, సర్వర్ డౌన్ లేదు.

మార్కు లేకపోవడం చిన్న విషయం కాదు. రూత్ బట్లర్ అనే ఆమె 1988లో ఇజ్రాయెల్ బడుల్లో ఒక ప్రయోగం చేసింది. కొందరు పిల్లలకు వాళ్ల పని మీద మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాశారు, కొందరికి రెండూ. తర్వాత మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చిన గుంపు, మార్కు మాత్రమే ఇచ్చిన గుంపులాగే ఉండిపోయింది. ఎందుకో మన తరగతిలో కాగితాలు పంచిన రోజు చూస్తే తెలిసిపోతుంది, పిల్లవాడు అంకె చూసుకుంటాడు, పక్కవాడి అంకె చూస్తాడు, కాగితం మడిచి సంచిలో పెడతాడు. మేం రాత్రి పది దాకా కూర్చుని రాసిన వాక్యం సంచిలోనే ఉంటుంది. "గుడ్", "ఇంకా శ్రద్ధ వహించు" లాంటివి వ్యాఖ్యలు కావు లెండి, అవి మార్కుకే ఇంకో వేషం. "హారాలు వేరుగా ఉన్నా పైవి పైవి, కిందివి కిందివి కూడేశావు, 2, 3 ముక్కలుగా రొట్టె గీసి చూడు" అని రాస్తే అది వ్యాఖ్య. అలా నలభై పుస్తకాలకు రాయలేం, నిజమే. వారానికి పది పుస్తకాలకు రాయగలం.

చదవడం వచ్చిందా లేదా అన్నది కాగితం మీద అసలు తేలదు. పక్కన కూర్చోబెట్టుకుని వినాల్సిందే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే చేసేది అదే, ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరి చేత అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. పిల్లకు రెండు మూడు నిమిషాలు. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లనూ మొదటి వారంలో ఇలా ఒకసారి వింటే, సోషల్లో సున్నా వచ్చిన పిల్లకు సోషల్ రాకనా, ప్రశ్న చదవడం రాకనా అన్నది తెలుస్తుంది.

పరీక్ష తను కొలవాల్సింది కొలుస్తోందా అనే గొడవ ఇక్కడ మొదలవుతుంది. మా వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి, గింజలు ఒలిచి పులుసు పెట్టుకునేది. కోస్తాలో ఆనపకాయ అంటే మేం సొరకాయ అనేది. ఒక వర్క్‌షీట్లో సొరకాయ బొమ్మ వేసి దాని పేరు గుర్తించమంటే, ఆప్షన్లలో ఆనపకాయ ఉంటే, మా పిల్ల తెల్లమొహం వేస్తుంది. తప్పు పడింది చదువుకా, యాసకా? మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగులో ఉన్న సైన్సు ప్రశ్న తప్పినప్పుడు కూడా ఇదే అడగాలి.

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్క తీయమంటే, బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. అప్పటికి మా అనంతపురం బళ్లారి జిల్లాలోదే, 1882లో కదా విడిపోయింది. ఆయన లెక్కకు జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున అందరికంటే ముందు బడికొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లట, రెండోవాడి చేతిలో సున్నా, మెప్పూ లేదు తిట్టూ లేదని, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒకటి ఎక్కువ. ర్యాంకుల పద్ధతి అంటే అదే మరి, కార్పొరేట్ కాలేజీలు కనిపెట్టింది కాదు. అదే నివేదికలో ఆయన ఇంకోటి రాశాడు, పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెబుతారు కానీ అర్థం చిలకకు తెలిసినంతే తెలుసని. అప్పజెప్పడాన్ని కొలిస్తే అప్పజెప్పడమే పెరుగుతుంది. రెండొందల ఏళ్ల తర్వాత గైడు పట్టుకున్న పిల్లలను చూస్తున్నవాణ్ణి, కొత్తగా చెప్పేదేముంది.

ఇక బయటి పరీక్షలు. న్యాస్ అంటే నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే, ఇప్పుడు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అంటున్నారు, 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు, 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జరిగింది. ఇవి శాంపిల్ సర్వేలు. కొన్ని బడులు, కొందరు పిల్లలు, దాన్నిబట్టి జిల్లా, రాష్ట్రం ఎలా ఉన్నాయో చూడటం. మీ పిల్లకు ఇందులో మార్కు రాదు, రావాల్సిన అవసరమూ లేదు. అయినా ఎంపికైన బడుల్లో నెల ముందునుంచి పాఠాలు ఆపి జవాబులు గుర్తించే ఓఎంఆర్ కాగితం మీద వృత్తాలు దిద్దించడం చూశాం. జ్వరం చూసే ముందు థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచినట్టు.

సీబీఏ, అంటే క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్, వేరు. 2022-23 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో 1 నుంచి 8 తరగతులకు కొన్ని ఎఫ్ఏల స్థానంలో ఓఎంఆర్ మీద తెచ్చారు. ప్రశ్నలు మా బిట్ పేపర్లకంటే మెరుగ్గా ఉండేవి, ఆ మాట చెప్పాలి, తప్పు జవాబుల వెనక ఆలోచన కనిపించేది. కానీ చిన్న తరగతి పిల్లకు వృత్తం గీత దాటకుండా దిద్దడమే ఒక పరీక్ష. పైగా కాగితం బడి దాటి వెళ్లిపోతే తప్పు టీచరు కంట పడేది ఎప్పుడు? చెట్టు పీకి పట్నానికి పంపి, పంట కోశాక రిపోర్టు తెప్పించుకున్నట్టు అవుతుంది. పిల్లల జవాబులన్నీ ఒకే పుస్తకంలో ఉండి, అది బడిలోనే ఉండిపోయే అసెస్‌మెంట్ పుస్తకాల పద్ధతి నాకు ఆ లెక్కన నచ్చింది. జూన్‌లో చేసిన తప్పు డిసెంబరులో కూడా చేస్తోందా అని వెనక్కి తిప్పి చూడొచ్చు.

పదో తరగతి సంగతి రెండు ముక్కల్లో. అక్కడ చూసేది తూకమే, 35 వస్తే పాస్, హిందీకి 20. కొన్నేళ్లు 80 మార్కులు పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు ఉండేవి, మన రాష్ట్రం 2019లో ఆ 20 తీసేసింది. తీసేసినప్పుడు నాకు బాధ కలగలేదు. ఎందుకంటే నేను వేసే ఎఫ్ఏ మార్కు వాడి సర్టిఫికెట్‌లో కూర్చునే క్షణం నుంచి ఎవరూ నిజం చెప్పరు, పిల్లవాడు తనకు రాదని చెప్పడు, నేను తక్కువ వేయను, ప్రైవేటు బడి అసలే వేయదు. చూసుకోవడానికి పెట్టిన అద్దం మీద ధర కాగితం అంటించినట్టు.

మార్కుల్లేకుండా, అయినా ఎక్కడున్నారో తెలిసేలా నడిచే పద్ధతి దూరంగా ఎక్కడో లేదు, మదనపల్లె పక్కన రిషివ్యాలీ వాళ్లు తమ పల్లె బడుల్లో చేసి చూపించారు. గోడ మీద నిచ్చెన బొమ్మ, ఒక్కో మెట్టుకు కార్డులు, కార్డు మీద గుర్తులు. పిల్ల తన మెట్టు చూసుకుని తన కార్డు తెచ్చుకుంటుంది, కొన్ని కార్డులు నేర్చుకోవడానికి, కొన్ని చూసుకోవడానికి. చూసుకునే కార్డు దాటలేకపోతే వెనక ఉన్న కార్డు మళ్లీ. ఒకే గదిలో నాలుగు తరగతులు కూర్చునే బడుల కోసం పుట్టింది ఇది, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. హైస్కూలు లెక్కలకు అలా కార్డులు రాయడం తలకు మించిన పని అనుకోండి, భిన్నాలకు మొదలుపెట్టి పదకొండో కార్డు దగ్గర ఆగిపోయాను.

చివరగా సుగ్గి పిల్లలు, అంటే అమ్మానాన్నల వెంట వలస పోయేవాళ్లు. కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, పెద్దకడుబూరు అటు, వానలు లేక పనుల్లేక కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు వైపో తెలంగాణకో వెళ్తాయి, పిల్లలూ వెళ్తారు. ఆ పక్క పనిచేసిన ఏడాది నా రిజిస్టర్లో ఎఫ్ఏ3 కాలమ్ నిండా ఆబ్సెంట్లే. ఆబ్సెంట్ అన్నది మార్కు కాదు, సున్నా కూడా కాదు, కానీ సగటు తీసే సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? తిరిగొచ్చిన పిల్లను నేరుగా ఎస్ఏ2లో కూర్చోబెడితే, ఏం వస్తుందో ముందే తెలిసిన తూకం అది.

ఒక ఆరో తరగతి అమ్మాయి మార్చి చివర్లో తిరిగొచ్చింది. పరీక్ష పెట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడాను. పుస్తకంలో దశాంశాలు మర్చిపోయింది, నిట్టనిలువు గుణకారంలో స్థానాలు తప్పుతోంది. కానీ నలభై కిలోల టిక్కీలు (మిరపకాయల బస్తాలు) పదిహేడు అయితే ఎన్ని కిలోలమ్మా అంటే, "పది అయితే నాలుగొందలు, ఇంకో ఐదుకి రెండొందలు, రెండుకి ఎనభై, ఆరొందల ఎనభై సార్" అంది, పెన్ను ముట్టకుండా. అమ్మానాన్న కూలి డబ్బులు లెక్క చూసింది అక్కడ ఆ పిల్లే. యాప్‌లో దీనికి కాలమ్ లేదు. హాజరు పట్టీ వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను: విడగొట్టి గుణించడం వచ్చు, కాగితం మీద స్థానాలు రావు, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.